మూడో ఆదివారం నేను లేచి నిలబడ్డాను

పెళ్ళిళ్ళు ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. పెళ్ళికొడుకు చెప్పకుండా ఊరు దాటితే ఆగుతుంది. వియ్యంకుల మధ్య కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట వంశాల దాకా పోతే ఆగుతుంది. నేను ఎవరినీ పారిపొమ్మనలేదు, ఎవరి కూరనూ రుచి చూడలేదు. చాప మీద కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. అంతే, పలాసలో ఒక పెళ్ళి ఆగిపోయింది. ఆ ఊళ్ళో నేను ఇప్పటికీ బస్సు దిగి నేరుగా ప్రధాన వీధిలో నడవను. వెనక సందుల్లోంచి, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని వెళతాను.

నా గురించి ముందే ఒక మాట చెప్పాలి. నేను పగ పట్టే మనిషిని కాను. ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

పగ వేరు, జ్ఞాపకం వేరు. నాకున్నది జ్ఞాపకం. మూడో తరగతిలో నా పలక మీద కూర్చుని విరగ్గొట్టి, “అక్కడెవడు పెట్టమన్నాడు?” అని నన్నే తిట్టినవాడి పేరు, ఇంటిపేరు, ఆ రోజు వాడి చొక్కాకు ఎన్ని గుండీలు లేవో కూడా చెప్పగలను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నిండు బస్సులో “పెద్దాయనా, కొంచెం ముందుకి జరుగు” అన్న కండక్టరు ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపడతాను. మా మేనత్త కూతురి పెళ్ళిలో నేను రెండోసారి పులుసు అడిగితే వినపడనట్టు పక్క విస్తరికి వెళ్ళిపోయిన మనిషిని ఆ తరవాత మూడు ఊళ్ళలో చూశాను. మూడు చోట్లా పలకరించలేదు. ఆయనకు ఆ సంగతి తెలిసి ఉండదు. అయినా నా పని నేను చేశాను.

ఈ వరసలో అందరికంటే పైన ఉండేవాడు సుదర్శనం. టెక్కలిలో మేం చదువుకున్న మిషను హాస్టల్లో నాకు ప్రాణ స్నేహితుడు. పదో తరగతిలో వాడు నాకొక ద్రోహం చేశాడు. అదేమిటో ఇప్పుడే చెప్పను. చెబితే మీరు వాడి పక్షం చేరిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజు నుంచి వాడితో మాట మానేశాను. బడి అయిపోయింది, ఎవరి దారిన వాళ్ళం పోయాం. పన్నెండేళ్ళు గడిచాయి. నేను మాత్రం మాట మానేసే ఉన్నాను.

రెండువేల సంవత్సరం వచ్చి వెళ్ళిన కొత్తరోజులు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, టెక్కలిలో ఎరువుల కొట్టులో గుమాస్తా పని. మా పెద్దమ్మకు జ్వరం వచ్చి తగ్గిందంటే చూద్దామని శనివారం, పలాసకు ఆనుకునే ఉన్న కాశీబుగ్గ వెళ్ళాను. ఆదివారం పొద్దున్న ఆమె తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, గుమ్మంలో నిలబడి నాకు జాగ్రత్తలు చెప్పింది.

“బాబూ దానియేలూ, మా గుడికి వత్తన్నావు. ఎవలితోనూ తగువెట్టుకోకు.”

“నేనెప్పుడు పెట్టుకున్నాను పెద్దమ్మా?”

“పోయినపాలి వొచ్చినపుడు పాటల మేష్టారు పలకరిత్తే మొకం తిప్పేసినావు.”

“ఆయన నా చేతిలో పాటల పుస్తకం లాక్కుని వేరేవాళ్ళకిచ్చాడు.”

“ఇచ్చింది నాకేరా, బాబూ!”

ఎవరికిచ్చాడన్నది కాదు, లాక్కున్నాడా లేదా అన్నది ముఖ్యం. ఆ సంగతి పెద్దమ్మకు అర్థమయ్యేలా చెప్పేలోపే గుడి వచ్చేసింది.

మా సంఘాల సంగతి తెలియనివారికి ఒక మాట. మాలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి నిలబడి చెప్పండి అంటారు పాస్టరుగారు. ఎవరూ లేవరు. లేవాలని ఎవరికీ తోచదు కూడా. ఆ కాసేపు అందరూ కాళ్ళు చాపుకుంటారు, దగ్గు దాచుకున్నవాళ్ళు దగ్గుతారు, తల్లులు పిల్లల ముక్కులు తుడుస్తారు. మూడో ఆదివారం కూడా దగ్గులతోనే గడిచిపోతే పాస్టరుగారు పుస్తకంలో సంతకం పెడతారు. ఆ సంతకం ఉంటేనే పెళ్ళి.

ఆ రోజు పాస్టరుగారి వాక్యం అయింది, కానుకలు పట్టే పాట అయింది. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం తీశారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట మాత్రం బరువుగా, అచ్చుపుస్తకంలా ఉంటుంది.

“ఇది మూడవదీ, ఆఖరిదీ అయిన ప్రకటన. ఈ సంఘ సభ్యురాలు కుమారి మార్తకును, టెక్కలి మిషను హాస్టలులో చదివి, మందస దగ్గర ఉపాధ్యాయుడుగా పనిచేయుచున్న సుదర్శనమునకును ఈ గురువారం వివాహము జరుగనున్నది...”

సుదర్శనం! టెక్కలి సుదర్శనం!

మగవాళ్ళ వైపు ముందు వరసలో ఒక మెడ కనిపించింది. ఆ మెడ నాకు తెలుసు. రెండేళ్ళు క్లాసులో వాడి వెనక వరసలోనే కూర్చున్నాను. మెడ వాడిదే అనిపించింది గానీ, మనిషి వాడే అనుకోవాలంటే ముఖం కనిపించాలి కదా. మా ఇద్దరి మధ్య ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎంత వెడల్పు మనిషంటే, ఆయన వెనక కూర్చున్నవాడు వాక్యం వినాలే తప్ప పాస్టరుగారిని చూడలేడు. నేను కుడికి వంగాను, ఆయనా కుడికి వంగాడు. ఎడమకు వంగాను, ఆయనా అటే వచ్చాడు. ఇక లాభం లేదనుకుని లేచి నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు, “...ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల ఇప్పుడే లేచి నిలబడవలెను” అని ముగించారు.

దగ్గులు ఆగిపోయాయి. ఏడుస్తున్న పిల్లవాడు ఒకడు ఏడుపు మధ్యలో ఆగి నన్ను చూశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మా పెద్దమ్మ గొంతు, “ఓలమ్మో!” అని సన్నగా వినిపించింది. రెండు వందల తలలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. వాటిలో ముందు వరస తల కూడా తిరిగింది. వాడే. సుదర్శనమే. కొంచెం లావయ్యాడు.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి నిలబడటం ఆయన చూడలేదు. తరవాత ఏం చేయాలో ఆయనకూ తెలియదని ముఖం చెబుతోంది.

“సహోదరుడా, నీకు అభ్యంతరమున్నదా?”

ఇప్పుడు మీరే చెప్పండి. బుద్ధి ఉన్నవాడైతే ఏమంటాడు? “లేదండీ, ముఖం చూద్దామని లేచాను” అని కూర్చుంటాడు. నేనూ అదే అనబోయాను. నిజంగా నోరు తెరిచాను. ఇంతలో ఆ సుదర్శనం నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టినవాడు ఊరుకోవచ్చు కదా? ముఖమంతా వెలిగిపోయి, చెయ్యెత్తి, గుడి దద్దరిల్లేలా అరిచాడు.

“ఒరే అలకా! నువ్వేట్రా ఇక్కడ?”

అలక. అది నా హాస్టలు పేరు. ఊరికే మూతి ముడుచుకుంటానని పెట్టారు. పెట్టింది కూడా వీడే. పన్నెండేళ్ళుగా ఎవరూ పిలవని పేరు అది. ఎరువుల కొట్టులో నన్ను దానియేలుగారు అంటారు. రెండు వందల మంది ఎదుట, దేవుని సన్నిధిలో, వాడు నన్ను అలకా అన్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నాకు కనిపించలేదు, లేకపోతే ఆమె పేరు కూడా ఇక్కడ రాసేవాణ్ణి.

నేను తెరిచిన నోట్లోంచి, నేను అనుకున్నది కాక వేరే మాట వచ్చింది.

“ఉంది అయ్యగారూ. నాకు అభ్యంతరం ఉంది.”

ఆరాధన ముగించి మమ్మల్ని గుడి వెనక గదిలోకి తీసుకెళ్ళారు. చాపల చుట్టలు, పాడైపోయిన హార్మనీ పెట్టె, క్రిస్మసుకు కట్టే వెదురు నక్షత్రం ఉండే గది అది. పాస్టరుగారు పుస్తకం తెరిచి కూర్చున్నారు. ఆయన పక్కన సంఘ పెద్ద ఒకాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ముఖం చూడగానే చొక్కా పై గుండీ పెట్టుకున్నాను. ఆశీర్వాదం మాస్టారు! మా హాస్టలు వార్డెను! ఉద్యోగం మానేశాక కూతురి దగ్గరికి పలాస వచ్చేశారట. ఒక్క రోజులో ఇద్దరు పాత మనుషులు. ఆయన నా వరసలో రెండోవాడు. ఆయన సంగతి కూడా తరవాత తెలుస్తుంది.

“నువ్వట్రా?” అన్నారు మాస్టారు. “నందిగాం ఊరి దానియేలు. చేతులు కట్టుకో.”

కట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి.

గోడకు ఆనుకుని నిలబడ్డ ఇంకొక మనిషి కూడా ఉన్నాడు. పెళ్ళికూతురి అన్న సామ్యేలు. మిలటరీలో ఉంటాడు. చెల్లెలి పెళ్ళికని సరిహద్దు నుంచి మూడు రోజులు రైళ్ళు మారి వచ్చాడు. మీసం, భుజాలు అన్నీ గది కొలతకు మించి ఉన్నాయి. నన్నే చూస్తూ నిలబడ్డాడంతే. తిట్టినా బాగుండేది.

“నాయనా,” అన్నారు పాస్టరుగారు. “నీ అభ్యంతరము చిన్నది కాదు. ఇది ఈ రోజు తేలకపోయిన యెడల మూడవ ప్రకటన చెల్లదు. పై బుధవారం నుండి ఈస్టరు ముందరి శ్రమల దినములు. ఆ నలుబది దినములు మన సంఘములో పెళ్ళి చేయము. సామ్యేలు సెలవు శనివారముతో ఆఖరు. అతడు మరల ఎప్పుడు వచ్చునో మనకు తెలియదు. కనుక ఆలోచించి మాటాడుము.”

“మా అమ్మకి మళ్ళా సెలవు పెట్టుకొస్తానని సెప్పే దైర్నం నాకు లేదు బావా,” అన్నాడు సామ్యేలు నెమ్మదిగా. బావా అన్న పిలుపు అంత భయపెట్టేలా వినిపించడం నాకదే మొదటిసారి. “భావనపాడు రేవులో పెళ్ళి కూరకి సందువా సేపలు కూడా సెప్పేసినాం.”

అప్పుడే మా పెద్దమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఆయాసపడుతోంది.

“ఒరే దానియేలూ! ఏటి సెప్పినావురా? గేటు కాడ, పెళ్ళికొడుక్కి ముందే పెళ్ళాం ఉందంతన్నారు. కుళాయి కాడికొచ్చేసరికి ఇద్దరు పిల్లలంట. రోడ్డు మీద, పెద్దోడు అయిదో తరగతంట!”

“నేనేం చెప్పలేదు పెద్దమ్మా!”

“సెప్పకుండానే ఇంత పుడితే, సెప్తే ఏటవుద్దిరా!”

ఆమె వెనకాలే పెళ్ళికూతురు వచ్చింది. మార్త. జీడిపప్పు బట్టీలో పప్పు ఏరే పని చేస్తుంది. అలా ఏరేవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో తెలియాలంటే వాళ్ళ ఎదుట మీరు నిలబడి చూడాలి. ఏడ్చినట్టుంది గానీ, ఏడుపు ఇంటి దగ్గర దాచి వచ్చింది.

“ఏటన్నియ్యా,” అంది, నా ఎదురుగా నిలబడి. “పెళ్ళామా? పిల్లలా? జబ్బా? తాగుడా? ఏదో ఒకటి సెప్పీ. నాను తట్టుకోగలను. మా అమ్మ తట్టుకోలేదు.”

సుదర్శనం ముఖం తెల్లబడిపోయింది. “ఒరే, నానేటి సేసినాన్రా నిన్ను?” అన్నాడు. నిజంగానే వాడికి గుర్తు లేదు. అది ఇంకా పెద్ద అవమానం.

గంభీరంగా మొదలుపెట్టాను. “ఈయన నమ్మకద్రోహి. పదో తరగతిలో ఉండగా, నమ్మి చెప్పిన రహస్యాన్ని వార్డెనుగారికి చేరవేశాడు. దాని వల్ల నాకు తీరని నష్టం జరిగింది.”

పాస్టరుగారు కలం తీసుకున్నారు. “ఏ రహస్యము?”

నేను మూలనున్న వెదురు నక్షత్రం వైపు చూశాను.

“చెప్పు నాయనా. పుస్తకంలో వ్రాయవలెను.”

“పనసపండు,” అన్నాను.

కలం ఆగింది. “మరల చెప్పుము.”

సరే, ఇక మీకూ చెప్పేస్తాను. వేసవి సెలవులయ్యాక బడి తెరిచినప్పుడు, అక్కుపల్లిలో మా అమ్మమ్మ నాకొక పనసకాయ ఇచ్చింది. ఉద్దానం తోటల కాయ, ఇంకొక రెండు రోజుల్లో పండుతుంది. హాస్టలుకు తెచ్చి, ట్రంకుపెట్టెలో బట్టలన్నీ తీసి మూటకట్టి, ఆ కాయను పెట్టెలో పడుకోబెట్టి తాళం వేశాను. ఈ సంగతి నాకూ, సుదర్శనానికీ, దేవుడికీ తెలుసు. మూడో రోజు సాయంత్రం ఆశీర్వాదం మాస్టారు హాస్టల్లోకి వచ్చి, ఇంకెటూ చూడకుండా, నేరుగా నా పెట్టె దగ్గరికే వచ్చి “తియ్యి” అన్నారు. అరవై మంది పిల్లలకు తొనలు పంచారు. దాచినందుకు శిక్షగా నన్ను ఆఖర్న నిలబెట్టారు. నా వంతు వచ్చేసరికి పీచు మిగిలింది. దేవుడు చెప్పి ఉండడు. మరి మిగిలింది ఎవరు?

ఇదంతా గదిలో వివరంగా చెప్పాను. ఆశీర్వాదం మాస్టారే ముందు నోరు విప్పారు.

“ఒరే మూర్ఖుడా! పండిన పనస సంగతి నాకు ఒకడు చెప్పాలా? గేటు దగ్గర నిలబడితే వాసన. వంటింట్లో వాసన. వీధిలో ఆవు వచ్చి సరిగ్గా నీ పెట్టె ఉన్న గోడకి మూతి ఆనించి అరుస్తోంది. గోడ ఇవతలికొచ్చి చూశాను. అక్కడ నీ పెట్టె ఉంది. ఇంతే!”

పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళు నేను ఆవును అనుమానించలేదు.

ఇక్కడ ఆగిపోతే నేను నేనే కాదు. “మరైతే ఆ రోజు మాస్టారు పెట్టె తెరిపిస్తుంటే వాడు నవ్వాడు. నేను చూశాను. ఎందుకు నవ్వాడు?”

“ఆవుని సూసి నవ్వినాన్రా!” అన్నాడు సుదర్శనం. “కిటికీలోంచి నాలిక సాపతంది. నువ్వు నా మొకం సూసినావు గానీ కిటికీ ఎపు సూడలేదు. అయినా నీకు పీసే మిగిలిందని నాలుగు తొనలు దాసినాను కాదా! కాయితంలో సుట్టి నా తలగడ కింద ఎట్టినాను. ఇద్దామంటే నువ్వు మాటాడవు. పిలిత్తే పలకవు. మూడు రోజులు సూసినాను. సీమలు పట్టేసినాయి.”

“అయితే ఆ తొనలేటి సేసినావు?” అని అడిగింది మార్త.

“తినేసినాను.”

“సీమలతోనా?”

“దులిపి.”

“మరదీ తప్పేకదా! సేతిలో ఎట్టి ‘తిను’ అంటే సరిపోయేది. తలగడ కింద ఎట్టుకోడవేటి, గుడ్లు పొదిగినట్టు?” అని పెళ్ళికొడుకును తిట్టింది. నా జన్మలో నా తరఫున ఎవరైనా వాదించడం అదే మొదలు. ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవం ఎక్కువసేపు నిలవలేదు. ఇటు తిరిగింది.

“నువ్వో? పండు కోసం నా పెళ్ళి ఆపుతావేటి? పొద్దున్నుంచి రేత్రి దాకా గుండూ, బద్దా, నూకా ఏరీ సేతులివి. ఏ పప్పు ఏ బుట్టలోదో సూడకుండా సెప్పగలను. నిన్ను ఏ బుట్టలో ఎయ్యాలో మాత్రం నాకు తెలవట్లేదు.”

“పొట్టులో,” అంది మా పెద్దమ్మ. సొంత పెద్దమ్మ.

గదిలో అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వకుండా ఉండటానికి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళు తలమీద మోసిన మూటను దింపితే అందులో ఏమీ లేదు. కోపంగా ఉందామంటే ఎవరి మీద కోపగించాలో తెలియదు. మెల్లిగా అన్నాను, “సరే అయ్యగారూ, నా అభ్యంతరం తీసేసుకుంటున్నాను.”

అయిపోయిందనుకున్నాను. పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు.

“సంఘము ఎదుట నిలబడి చెప్పితివి. సంఘము ఎదుటనే నిలబడి ఉపసంహరించుకొనవలెను. అదియు ఈ దినమే. రేపటికి మూడవ ఆదివారము దాటిపోవును.”

“సంఘం ఇళ్ళకి పోయి అన్నాలు తింతంది కదా అయ్యగారూ!” అంది పెద్దమ్మ.

“గంట కొట్టించండి,” అన్నారు మాస్టారు.

సామ్యేలు వెళ్ళి గంట కొట్టాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుడి గంట ఆదివారం పొద్దున్న కొడతారు, పండగకు కొడతారు. ఇవి కాక వేళకాని వేళ కొట్టారంటే సంఘంలో ఎవరో కన్నుమూశారని అర్థం. పైగా సామ్యేలు మిలటరీ చేత్తో కొట్టాడు.

అయిదు నిమిషాల్లో జనం పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతులకు పప్పన్నం అలాగే ఉంది. ఒకాయన భోజనం మధ్యలో లేచి, వేలికి ఆవకాయతో వచ్చాడు. ఒక ముసలావిడ గేటు దగ్గర నుంచే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

“ఎవల్రా? ఎవలు పోనారు?”

“ఎవలూ పోలేదు మామ్మా,” అన్నాడు సామ్యేలు. “ఈ టెక్కలి బావ పరువు పోయింది. ఆకరి సూపుకి రా.”

అందరూ కూర్చున్నాక పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచారు. “క్లుప్తముగా చెప్పుము,” అన్నారు.

“నాకు అభ్యంతరం లేదండీ,” అన్నాను.

“మరి పొద్దున్న ఉందన్నావు?” అని వెనక నుంచి ఒక గొంతు.

“అప్పుడుంది. ఇప్పుడు లేదు.”

“మద్దిన ఏటయింది? డబ్బులిచ్చీసినారేటి?” అని ఇంకొక గొంతు. “ఆ ఇద్దరు పిల్లల్నీ ఎవలు పెంచుతారు?” అని మూడో గొంతు. క్లుప్తంగా ముగించేలా లేదు. ఇక చెప్పక తప్పలేదు. పనసకాయ, ట్రంకుపెట్టె, వాసన, ఆవు, నాలుగు తొనలు, చీమలు. గుడిలో వాక్యం కూడా ఎవరూ అంత శ్రద్ధగా వినరు. చెప్పడం ముగిసేసరికి పప్పన్నం చేతులవాళ్ళు ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏడుపు మొదలుపెట్టిన ముసలావిడ అదే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పొద్దున్న నాకు అడ్డంగా కూర్చున్న వెడల్పాటి పెద్దాయన లేచి, “పోనీ బాబూ, ఇపుడు కనపడతన్నాడా పెళ్ళికొడుకు?” అని పక్కకు తప్పుకున్నాడు.

పాస్టరుగారు సంతకం పెట్టారు. నేను టెక్కలి బస్సు కోసం వెనక గుమ్మం వైపు జారుకుంటుంటే సుదర్శనం పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“గురువారం వత్తావు కదా?”

“నేనా? ఇంత జరిగాక?”

“రాకపోతే నాకు పెళ్ళి జరిగినట్టుండదురా. ఆ హాస్టలోలు ఒక్కడూ దొరకలేదు నాకు. నువ్వొక్కడివే దొరికినావు. ఎలాగ దొరికితే ఏటి?”

పన్నెండేళ్ళలో నేను వాడి గురించి తలుచుకోని రోజు లేదు. తలుచుకున్నది ఎందుకోసమైనా, అంతగా తలుచుకున్నవాడు పెళ్ళికి పిలిస్తే రానని ఎలా అంటాను? వస్తానన్నాను.

గురువారం వచ్చాను. కొత్త చొక్కా వేసుకున్నాను. ఎవరికీ కనిపించకుండా గోడ పక్కన కూర్చుందామని వెళితే, గుమ్మంలోనే సామ్యేలు నా భుజం మీద చెయ్యి వేశాడు. “రా బావా, నీకు సోటు ఉంచినాం,” అని తీసుకెళ్ళి మూడో వరసలో, తన పక్కన కూర్చోబెట్టాడు. రెండో పక్క అదే వెడల్పాటి పెద్దాయన. ఇద్దరి మధ్య నేను, పుస్తకంలో పెట్టి నొక్కిన ఆకులా ఉన్నాను.

పెళ్ళి చక్కగా సాగుతోంది. మార్త తెల్లచీరలో, సుదర్శనం కోటులో. వీడియో తీసే ఆయన పెద్ద లైటు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంతలో పాస్టరుగారు పుస్తకంలో ఒక పేజీ తిప్పి, కొంచెం ఆగారు. ఆ ఆగడం నాకు నచ్చలేదు.

“వీరిద్దరూ వివాహమాడకుండుటకు న్యాయమైన కారణమెవరైనను ఎరిగిన యెడల...”

పెళ్ళి రోజు కూడా అడుగుతారని నేను మరిచిపోయాను. సంఘం మరిచిపోలేదు. గుడి మొత్తం, ఆడవైపు, మగవైపు, బయట కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళతో సహా నా వైపు తిరిగింది. పెళ్ళికూతురు తిరిగింది. లైటు తిరిగింది. పాస్టరుగారు కళ్ళజోడు పై నుంచి నన్నే చూస్తున్నారు. నా మోకాలి మీద సామ్యేలు చెయ్యి వచ్చి కూర్చుంది. రెండో మోకాలి మీద పెద్దాయన చెయ్యి. ఊపిరి పీలిస్తే అభ్యంతరం అనుకుంటారేమోనని అది కూడా ఆపేశాను.

“...సరి,” అన్నారు పాస్టరుగారు. గుడి అంతా ఊపిరి వదిలింది.

ప్రమాణాలు అయ్యాయి, ఉంగరాలు అయ్యాయి. పాస్టరుగారు చేతులెత్తి, “ఆశీర్వాదము పొందుటకు సంఘమంతయు లేచి నిలబడును గాక,” అన్నారు.

సంఘమంతా లేచింది. పిల్లలు లేచారు. చేతికర్రతో ఆశీర్వాదం మాస్టారు లేచారు. నడవలేని ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని లేచింది. నేనూ చాప మీద చెయ్యి ఆనించి లేవబోయాను. సామ్యేలు నిలబడే, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, కిందికి నొక్కాడు.

“నువ్వు కాదు బావా. కూకో.”

కూర్చున్నాను. ఆ వీడియో క్యాసెట్టు వాళ్ళింట్లో ఇప్పటికీ ఉంది. దీవెన సమయంలో గుడి నిండా నిలబడ్డ కాళ్ళు, ఆ కాళ్ళ మధ్యలో కింద నా ముఖం ఒక్కటే కనిపిస్తుంది. చూసినవాళ్ళంతా, “ఎవలీయన? దేవుడి మీద కూడా అలిగినాడేటి?” అని అడుగుతారట.

కాబట్టి, పాఠకుల సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, గుడిలో గానీ, సభలో గానీ, బస్సులో గానీ, పాత స్నేహితుడి మెడ కనిపించినా, వీపు కనిపించినా, చివరికి ముఖమే కనిపించినా, లేచి చూడను. వాడు లేచి వచ్చి నా ముందు నిలబడేదాకా కూర్చునే ఉంటాను. గుడిలో అందరూ లేచినప్పుడు కూడా ముందు కుడివైపు చూసి, తరవాత ఎడమవైపు చూసి, ఎవరూ నొక్కరని నమ్మకం కుదిరాకనే లేస్తాను.

ఇక సుదర్శనం పేరు నా వరసలోంచి కొట్టేశాను. ఆవు పేరు రాయలేదు. ఖాళీ అయిన ఆ మొదటి స్థానంలో మాత్రం ఇప్పుడు సామ్యేలు ఉన్నాడు.